ఒప్పుకుంటే అయిపోతదన్నరు

సెప్టెంబర్ 12, ఆదివారం, 2021

ఈ నోట్‌బుక్కు వాసంతి ఇచ్చింది. జైలు క్యాంటీన్ల కొన్నదట. "అక్కా, మీరు పొద్దస్తమానం గోడతో మాట్లాడుతున్నారండీ. గోడకి విసుగొచ్చేస్తుంది. ఇందులో రాసుకోండి" అన్నది. నా రూంలనే ఉంటది, ఆమెది కోనసీమ. ఏమన్న నవ్వుకుంటనే అంటది.

నేను గోడతోని మాట్లాడుతలేను. మా సార్ భార్య కుసుమమ్మతోని మాట్లాడుతున్న. ఆమె వచ్చినప్పుడు ఏం అనాల్నో ఒకసారి చెప్పుకొని చూస్తున్న. గంతే. పిచ్చిదాన్నా నేను?

ఏం రాయాలె? పదో తరగతి పాసైన అని పేరే గానీ, పెండ్లయినంక బీడీల కార్ఖానల సంతకం తప్ప రాసిందేమున్నది. చేతికి అలవాటు కావాలె కాబట్టి మొదాలు పేరు రాస్త. కొమురవ్వ. జగిత్యాల దిక్కు. మొగని పేరు పర్శరాములు, బిడ్డ సంజన. దుబాయ్‌ల రామ్మోహనరావు సార్ ఇంట్ల వంటపని, పిల్లపని. పోయిన నెల దాక. ఇప్పుడు దొంగ.

గీ ఆఖరు మాట రాసేటాళ్ళకు చెయ్యి ఆగింది. ఉండనీ. ఎన్ని రోజులుంటది గిది? కుసుమమ్మ వస్తది, సార్‌ను తోల్కొస్తది, కేసు వాపస్ తీస్కుంటరు. మాటిచ్చింది ఆమె. నా చెయ్యి పట్టుకొని ఇచ్చింది.

బయట నిప్పులు కురుస్తున్నయట. లోపట ఏసీకి పండ్లు కొట్టుకుంటున్నయి. ఒక్క సన్నని దుప్పటి ఇచ్చిన్రు, కాళ్ళు కప్పితె భుజాలు ఎల్తయి.

సెప్టెంబర్ 14

కుసుమమ్మ రాలే. కరోనా గదా, ములాఖాత్‌కు పర్మిషన్ దొరుకక రాలేదేమో.

సెప్టెంబర్ 15

రాలే.

సెప్టెంబర్ 19, ఆదివారం

వాసంతి మళ్ళ అడిగింది, "అసలేం జరిగిందక్కా, నిజం చెప్పండి" అని. చెప్పలే. ముడుపు ముచ్చట ముడుపు చెల్లేదాక చెప్పొద్దు. నోరు జారితే మొక్కు ఆగమైతది. కాగితానికి చెవులు లేవు గనుక ఇండ్ల రాస్త.

ఏప్రిల్ల సార్‌కు కరోనా బాగ ఎక్కింది. దవాఖానల ఆక్సిజన్ మీద పెట్టిన్రు. ఇంట్ల కుసుమమ్మ, చిన్న పాప ఆమని, నేను. ఎవ్వలు మా గడప తొక్కలే. ఒకనాడు పొద్దున దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ వంటింట్లకు వచ్చి గ్యాస్ పొయ్యి ముంగట కింద కూలబడ్డది. ఇన్నేండ్లల్ల ఆమె నా పక్కన నేల మీద కూసున్నది గా ఒక్కనాడే. నా కొంగు పట్టుకొని ఏడ్చింది. నాకు గూడ దుఃఖం ఆగలే.

"కొమురమ్మా, మీ దేవుళ్ళలో గట్టి దేవుడెవరు?" అన్నది.

"మా రాజన్న ఉన్నడు గదమ్మా వేములవాడల. ముడుపు కడుదం. సార్ నడుచుకుంట ఇంటికొస్తే తీస్కపోయి హుండిల ఏస్త" అన్న.

"ఏం కట్టాలి?"

"మేమైతే రూపాయి బిళ్ళ కడుతం."

ఆమె లేచి పోయి లాకర్ తీసింది. సార్ వాళ్ళమ్మ కాసులపేరు పట్టుకొచ్చింది. "వద్దమ్మా, గిది మీ అత్తమ్మది, సార్‌కు తెలిస్తే ఊకుంటడా" అన్న. "ఆయన బతకడం కంటే ఎక్కువా ఇది? నువ్వు కట్టు" అన్నది. పసుపు బట్టల పెట్టి, కుంకుమబొట్లు పెట్టి, మూడు ముళ్ళు ఏసినం. ముడుపును మనిషి తల చుట్టు తిప్పాలె. సార్ దవాఖానలనాయె. హాల్ల ఉన్న ఆయన ఆఫీస్ ఫోటోను దించి, దాని చుట్టు తిప్పినం. అంత దుఃఖంల గూడ అమ్మకు నవ్వొచ్చింది. టై కట్టుకున్న సార్‌కు దిష్టి తీస్తున్నట్టున్నదని.

తీస్కపోయేటోళ్ళ దగ్గరనే ముడుపు ఉండాలె. నేను సెప్టెంబర్ల ఛుట్టీ మీద ఇంటికి పోయేదుండె. గందుకని నా పెట్టెల బట్టల నడుమ పెట్టిన.

సార్ బతికిండు. నడుచుకుంటనే ఇంటికొచ్చిండు. రాజన్న మాట తప్పలే.

ఆగస్టుల హైదరాబాద్ నుంచి సార్ చెల్లె ఫోన్ చేసింది. బిడ్డ పెండ్లి, మా అమ్మ కాసులపేరు నాకే రావాలె, పంపు అని. సార్ లాకర్ తీసిండు. లేదు. ఇల్లు పీకి పందిరేసిండు. అమ్మ దొంగకు తేలు కుట్టినట్టు ఒక్క మాట మాట్లాడలే. సార్ మొక్కులను నమ్మడు. పైంగ చెల్లెతోని ఎప్పటి సంది ఆ నగ పంచాది ఉండనే ఉన్నది. నన్ను పిలిచిండు. నేను అమ్మ దిక్కు చూసిన. సార్ నా పెట్టె తెరిచిండు. పోలీసులకు ఫోన్ చేసిండు.

వాళ్ళు వచ్చే లోపట అమ్మ వంటింట్లకు వచ్చింది. నా చెయ్యి పట్టుకున్నది. "కొమురమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వే తీశానని ఒప్పుకో. ఆయన కోపం రెండు రోజులే. ఒప్పుకుంటే అయిపోతుంది. కేసు నేను వెనక్కి తీయిస్తా" అన్నది.

నేను ఆలోచించలే. ఏమున్నది ఆలోచించుడు? మా దగ్గర గంతే గదా. ఏదన్న పోతే కులపెద్ద ముంగట కూసుంటరు. తీసినోడు లేచి "తప్పయింది" అంటడు, అందరి కాళ్ళు మొక్కుతడు. గంతే, ముచ్చట ఒడిసింది. ఒప్పుకోనోనికే తిప్పలు. సార్ కాళ్ళు మొక్కి "తప్పయింది సార్" అన్న. పోలీసులకు గూడ అదే చెప్పిన. వాళ్ళల్ల ఒకడు ముడుపును పట్టుకొని కత్తెరతోని కోసిండు. నన్ను కొట్టిన్రంటే గంత బాధ కాకపోవు.

సెప్టెంబర్ 21

ఇంటికి ఫోన్ దొరికింది. లైన్ల అందరు నా ఎనుక నిలవడ్డరు. ఈ ఫోన్ల ఏం మాట్లాడినా జైలోళ్ళు ఇంటరట.

పర్శరాములు ఎత్తిండు. ఆయన, "నిజంగ తీసినవానే?" అన్నడు.

నాకు కోపం వచ్చింది. పద్దెనిమిదేండ్లు నాతోని కాపురం చేసి గదేం అడుగుడు? గానీ ఫోన్ల చెప్పుడెట్ల? ఆయన నోట్ల నువ్వుగింజ నానదు. నన్ను దుబాయ్ పంపిన పక్కూరి ఏజెంటుకు చెప్తడు, వాడు సార్‌కు చెప్తడు, అమ్మ బతుకు ఆగం.

"ఒప్పుకున్న అని చెప్పిన గదా. ఒప్పుకుంటే అయిపోతది. ఎవ్వలన్న అడిగితే నువ్వు గూడ అట్లనే చెప్పు. రెండు మూడు వారాలల్ల వస్త" అన్న.

"సరే" అన్నడు. సంజనను అడిగేలోపట ఖలాస్ అన్నది పోలీసమ్మ.

సెప్టెంబర్ 28

ఇయ్యాల కోర్టు. కోర్టంటె పెద్ద హాలు, బల్లలు, మస్తు మంది అనుకున్న. ఇక్కడనే ఒక చిన్న రూంల టీవీ ముంగట కుర్చీ ఏసి కూసుండపెట్టిన్రు. కరోనా కదా, అంత టీవీలనే. టీవీల మూడు డబ్బాలు. ఒక డబ్బల జడ్జి, ఒక డబ్బల ఎవరో కాగితాలు తిప్పుతున్నడు. ఇంకో డబ్బల గడ్డం ముసలాయన. హయాత్ బాషా అట, కడపాయన. నా మాట అరబ్బీల చెప్పేది ఆయననే. తెలుగు మాట ఇనంగనే పానం లేచొచ్చింది.

కుసుమమ్మ ఏ డబ్బలనన్న కనిపిస్తదేమోనని చూసిన.

"ఏమ్మా, నగ నువ్వే తీసినావా?" అన్నడు బాషా.

"తీసిన."

"ఎవరన్నా బెదిరించినారా? పోలీసోళ్ళు కొట్టినారా? ఉండేది ఉన్నట్టు చెప్పమ్మా."

"ఎవ్వలు కొట్టలే. నేనే తీసిన. తప్పయింది."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. జడ్జికి చెప్పిండు. అయిపోయింది. అన్నం వండినంత సేపు గూడ పట్టలే. లేచి టీవీకి దండం పెట్టిన. పోలీసమ్మ నవ్వింది.

అమ్మ చెప్పినట్టే చేసిన. ఇగ ఆమె వంతు.

అక్టోబర్ 3

ఇడిసిపెడుతరు అనుకొని నా సబ్బు, పేస్టు ఇథియోపియా పిల్లకు ఇచ్చిన. తీసుకొని ముద్దు పెట్టుకున్నది.

అక్టోబర్ 6

ఆరు నెలలు. అటెన్క డిపోర్ట్.

అక్టోబర్ 7

నిన్న రాయలేకపోయిన. ఇయ్యాల రాస్త.

టీవీల బాషా చెప్పంగనే నేను "మంచిది సార్" అన్న. ఇడిసిపెట్టిన్రనుకున్న. ఆయన మళ్ళ చెప్పిండు. "ఆరు నెలలు జైలమ్మా. ఇప్పటిదాకా ఉండేది దాంట్లోకే వస్తాది. ఆ తర్వాత ఇండియాకు పంపిస్తారు. మళ్ళా ఈ దేశం రానీరు. కంటి ఫోటో తీసుకుంటారు."

"సార్ కేసు వాపస్ తీస్కోలేదా?"

"మీ సార్ మంచోడమ్మా. మాఫీ కాయితం ఇచ్చినాడు. దాని వల్లనే ఇంత తక్కువ పడింది."

"మాఫ్ చేసినంక ఇగ జైలు ఏంది?"

"సార్‌కూ నీకూ మధ్యనే ఆ మాఫీ. సర్కారుకు సంబంధం లేదు. నువ్వు ఒప్పుకున్యావు కదమ్మా. పోలీసు దగ్గర, కేసు కోర్టుకు పంపే పెద్దాఫీసరు దగ్గర, ఇక్కడ. ఒప్పుకున్న తర్వాత జడ్జి ఏం చేస్తాడు?" ఆయనకు గూడ బాధ అయినట్టున్నది. "పైకోర్టుకు పోవచ్చు. పదైదు రోజుల్లో చెప్పాల. ఆలోచించుకో" అన్నడు.

సార్ నన్ను మాఫ్ చేసిండట. నేనేం చేసిన్నని మాఫ్ చేసిండు? ఆయన బతుకుమని ముడుపు కట్టిన్నందుకా? నాకు ఒళ్ళు మండుతున్నది. పళ్ళెం ఇసిరికొట్టిన, పోలీసమ్మతోని తిట్లు పడ్డ.

అమ్మకు ఇది తెల్వదేమో. తెలిస్తే ఊకుంటదా.

అక్టోబర్ 10

వాసంతికి అంత చెప్పిన. మొక్కు ఎట్లాగు ఆగమైంది, ఇంక దాచేదేమున్నది.

ఆమె తల పట్టుకున్నది. "ఛీ, మీ విశ్వాసం తగలెయ్య! ఆవిడ హాయిగా పరుపు మీద పడుకుంటంది, మీరిక్కడ ఒకటే దుప్పటితో వణుకుతున్నారు. అప్పీలు చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండక్కా!"

"ఆమె అసొంటిది కాదు. ఏదో అడ్డం పడి ఉంటది. మొగడు ఫోన్ గుంజుకున్నడేమో. పాపకు జరమొచ్చిందేమో."

"మీకు జరమొచ్చింది, బుర్రకి" అన్నది వాసంతి. ఆమె సంగతి వేరే. వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్ల జీతం ఇయ్యకపోతే పారిపోయి, సత్వా బస్తీల పదిమంది ఉన్న ఫ్లాట్ల ఉండి ఇండ్లల్ల పని చేస్తుంటె పట్టుకున్నరు. ఆమెకు ఎవ్వరి మీద నమ్మకం లేదు. నాకు కుసుమమ్మ మీద ఉన్నది. ఆమని పుట్టినప్పుడు మొదటి తానం పోసింది నేను. అమ్మకు పథ్యం కూర వండి పెట్టింది నేను. గవన్ని ఉత్తగ పోతయా?

ఉత్తగ పోవు.

అక్టోబర్ 17, ఆదివారం

అమ్మ వచ్చింది.

అద్దం అవుతల కూసున్నది. ఇద్దరికి తలో ఫోను. మాస్కుల నుంచి కండ్లు మాత్రమే కనిపించినయి. కండ్లు ఉబ్బి ఉన్నయి. నేను ఎన్ని రోజుల సంది గోడకు చెప్పుకున్న మాటల్ల ఒక్కటి గూడ నోట్లకెళ్ళి రాలే.

"ఎలా ఉన్నావు కొమురమ్మా? తింటున్నావా?"

"తింటున్నమ్మా. సార్ బాగున్నడా?"

"బాగున్నారు. ఆఫీసుకు వెళ్తున్నారు."

నాకు సంతోషమైంది. సిగ్గులేని పానం! జైల్ల కూసొని ఆయన బాగున్నడంటె సంతోషపడుడు. గానీ అయింది, అబద్ధమెందుకు రాయాలె.

"ఆమని నీ చేతి పప్పుచారే కావాలని ఏడుస్తోంది" అన్నది.

"సార్‌కు చెప్పినవా అమ్మా?"

ఆమె ఫోను ఈ చెవికెళ్ళి ఆ చెవికి మార్చుకున్నది. "చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఇప్పుడు చెబితే తప్పుడు కంప్లయింట్ అవుతుందట కొమురమ్మా. పోలీసులతో ఆయన అబద్ధం చెప్పినట్టు. నేనూ చెప్పినట్టే. ఆయన ఉద్యోగం పోతే మా వీసాలన్నీ పోతాయి. ఇంట్లో ఆయన నన్ను..." అని ఆగిపోయింది. "నువ్వు అప్పీలుకు వెళ్ళకు. ఇంకో నాలుగు నెలలు ఓర్చుకుంటే ఎలాగూ ఇంటికే పంపిస్తారు. సంజన చదువు మొత్తం నాది. నా మీద ఒట్టు."

"నా పేరు ఎవ్వలిదమ్మా?"

"ఏంటి?"

"బిడ్డ చదువు నీదైతే, దొంగ అన్న పేరు ఎవ్వలిది?"

"మీ ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది కొమురమ్మా ఇదంతా" అన్నది. నిజంగనే అట్ల అనుకుంటున్నది. పల్లెటూళ్ళె ఎవ్వలకు తెల్వదనుకుంటున్నది! నవ్వొచ్చింది. అటెన్క ఏడుపొచ్చింది. ఆమె గూడ ఏడ్చింది. అద్దం మీద చెయ్యి పెట్టింది. నేను పెట్టలే.

అక్టోబర్ 18

ఒక్క బుక్క దిగలే.

ఆమెను కాలబెట్టాల్నా, నేను కాలాల్నా? సంజన డిగ్రీల చేరింది మొన్ననే. బీడీలు చేసి బిడ్డను చదివిచ్చేదాన్ని అయితే ఈ దేశమెందుకు వస్తుంటి? అమ్మ మాటిస్తే చేస్తది.

మాటిస్తే చేస్తది అని రాసిన! పైన ఎన్నిసార్లు రాసిన్నో ఇదే మాట.

అక్టోబర్ 20

అప్పీలు కాగితం మీద సంతకం పెట్టిన. రేపటితోని గడువు ఒడుస్తుండె. వాసంతి కావలిచ్చుకున్నది.

నవంబర్ 9

వాసంతి పోయింది. విమానం ఎక్కిస్తరట ఇయ్యాల. పోయేముందు తన దుప్పటి నా మీద ఏసింది. "అక్కా, జడ్జి ముందు వణక్కండి. గోడకి చెప్పినట్టు గట్టిగా చెప్పండి" అన్నది. ఇప్పుడు రెండు దుప్పట్లు. రూంల తెలుగు మాట లేదు.

నవంబర్ 23

చెప్పిన. అంత చెప్పిన.

మళ్ళ అదే టీవీ, అదే కుర్చీ. ఈసారి ముగ్గురు జడ్జీలు. బాషానే వచ్చిండు. నేను తియ్యలే, అమ్మ తన చేతులతోని ఇచ్చింది, సార్ బతుకాలని ముడుపు కట్టినం అని చెప్పిన. ముడుపంటె ఏందని అడిగిన్రు. బాషా ఏదో చెప్పిండు. మళ్ళ అడిగిన్రు. ఆయన నా దిక్కు తిరిగి, "మా దర్గాలో కట్టే మొక్కు మాదిరి అని చెప్పినానమ్మా" అన్నడు. ఆయన కష్టపడి చెప్తుంటె నాకు జర ఆశ పుట్టింది.

నడిమిట్ల కూసున్న జడ్జి అడిగిండు. బాషా తెలుగుల చెప్పిండు. "నువ్వు తియ్యకపోతే మూడుసార్లు ఎందుకు ఒప్పుకున్యావని అడుగుతాండారు."

"మా దగ్గర ఒప్పుకుంటే అయిపోతది సార్. కులం ముంగట తప్పయిందని కాళ్ళు మొక్కితె ఇగ ఆ మనిషిని ఎవ్వలు ఏమనరు. ఇక్కడ గూడ గంతే అనుకున్న."

బాషా చాన సేపు చెప్పిండు. జడ్జి మల్లొకటి అడిగిండు. "చెయ్యని తప్పుకు కూడా మీ ఊళ్ళో ఒప్పుకుంటారా అంటాండారు."

ఏం చెప్తవు దానికి? ఒప్పుకుంటరు. మా అన్న ఒకసారి ఒప్పుకున్నడు, పెద్దోళ్ళతోని పంచాది ఎందుకని. కరెంటు మోటర్ ఎత్కపోయింది ఇంకోడు. అందరికి ఎరుకనే. "ఒప్పుకుంటరు" అన్న. బాషా ఆ మాట చెప్పంగనే ఆ ముగ్గురు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

నగ ఎట్ల పోయిందో తనకు తెల్వదని అమ్మ ఎప్పుడో పోలీసులకు చెప్పి ఉన్నదట. ఆమెను మళ్ళ పిలువలే. కిందికోర్టు చెప్పిందే ఖాయం.

ఓడిపోయిన. అయినా నోరిప్పి తియ్యలే అన్న.

నవంబర్ 30

ఇంటికి ఫోన్ కలిసింది. మొదటి మాటే అదే చెప్పిన. "నేను తియ్యలే. అమ్మ మీద పడొద్దని ఒప్పుకున్న. ఇన్నవా? తియ్యలే నేను."

పర్శరాములు గొంతు సవరించుకున్నడు. అటెన్క "సరే తియ్. నువ్వేం ఫికర్ చేయకు. ఇక్కడ అంత సాఫ్ చేసిన. నువ్వొచ్చేటాళ్ళకు ఎవ్వలు నిన్ను ఒక్క మాట అనరు" అన్నడు.

"ఏం చేసినవ్?"

"వచ్చినంక చెప్త. నీకే తెలుస్తది."

నా మొగడు నన్ను నమ్మిండు. ఎన్ని తిట్టుకున్న ఆయనను! నిన్నటి దాక దేశమంత నామీద ఉమ్మేసినట్టుండె, ఇయ్యాల అన్నం రుచైంది. ఊరంత తిరిగి మా కొమురి తియ్యలే అని చెప్పి ఉంటడు. నోట్ల నువ్వుగింజ నానని మనిషి, గిట్ల పనికొచ్చిండు.

డిసెంబర్ 19

పక్కరూం కేరళామె అప్పడం ఇచ్చింది. ఇయ్యాల గంతే.

జనవరి 2, 2022

కొత్త సంవత్సరం అని కేక్ ముక్క పెట్టిన్రు. ఇంటికి పోయినంక ఏం చేయాల్నో లెక్కలేసుకుంటున్న. తలెత్తుకొని ఊర్లె బస్సు దిగుత. మొదాలు రాజన్న దగ్గరికి పోయి కొబ్బరికాయ కొట్టి, నీ ముడుపు నేను తేలేకపోయిన అని చెప్త. మా ఆయన నమ్మినంక ఎవ్వలకు భయపడాలె?

కుసుమమ్మ మళ్ళ రాలే. నేను గూడ చూస్తలేను. తలుపు తీసిన చప్పుడైతె మాత్రం మెడ అటే తిరుగుతది, అదేం రోగమో.

ఫిబ్రవరి 6

ఇయ్యాల ఫోన్ సంజన ఎత్తింది. పర్శరాములు పొలం కాడికి పోయిండట. బిడ్డ గొంతు ఎంత పెద్దగైంది! "అమ్మా, ఇగ పదిహేను రోజులే కదా" అన్నది. కాలేజీ ముచ్చట చెప్పింది. ఇంట్ల ఎవ్వలన్న ఏమన్న అంటున్నరా అని అడిగిన.

"ఎవ్వలు ఏమనరమ్మా. బాపు కులపెద్దల ముంగట అంత ఒప్పుకున్నడు గదా."

"ఏం ఒప్పుకున్నడు?"

"నువ్వే తీసినవని. అక్టోబర్ల. అప్పుడు ఊరంత ఒకటే అనుడు ఉండె, కాలేజీల గూడ. బాపు కులపెద్ద రాజమౌళి తాత ముంగట నిలవడి, మా ఆమె తరఫున తప్పయింది అని అందరి కాళ్ళు మొక్కిండు. కులానికి ఒక పూట అన్నం పెట్టినం. అందరు తిన్నరు. మాఫ్ అయిపోయింది అమ్మా."

"నేను తియ్యలే సంజనా. బాపుకు చెప్పిన, నవంబర్ల. చెప్పలేదా నీకు?"

"చెప్పిండు. అవమానం ఓర్వలేక గట్లంటున్నది, మనం కాదనొద్దు అన్నడు" అన్నది. మళ్ళ మెల్లగ, ముసలవ్వ నాకు నచ్చజెప్పినట్టు, "పోనీ అమ్మా. తీస్తే తీసినవ్. నా ఫీజు కోసమే గదా. మేమందరం నిన్ను మాఫ్ చేసినం."

ఖలాస్, ఖలాస్ అంటున్నది పోలీసమ్మ. ఫోన్ నా చేతులకెళ్ళి గుంజుకున్నది.

ఫిబ్రవరి 7

నా ఫీజు కోసమే గదా అన్నది.

ఫిబ్రవరి 8

పర్శరాములును ఏం అనాలె? నేనే చెప్పితి గదా, ఎవ్వలన్న అడిగితే అట్లనే చెప్పుమని. నేను చెప్పినట్టే చేసిండు. బిడ్డ కాలేజీల తలెత్తుకోవాలని ఒకల కాళ్ళు మొక్కని మనిషి అందరివి మొక్కిండు. ఆయన మీద కోపం తెచ్చుకుందమంటె వస్తలేదు, ఏడుపొస్తున్నది. అడకత్తెరల పోకచెక్కనైపోయిన. సార్ మాఫ్ చేసిండు, కులం మాఫ్ చేసింది, ఆఖరికి కడుపున పుట్టింది మాఫ్ చేసింది. నువ్వు తియ్యలేదే అని ఒక్కలన్న అంటలేరు.

ఫిబ్రవరి 13

పర్శరాములు దొరికిండు ఫోన్ల. నేను మెల్లగనే మాట్లాడిన, ఒట్టు.

"రాంగనే కులం కూసుండపెట్టు. నేను నిలవడి చెప్త. కుసుమమ్మ ఇచ్చిందని, ముడుపు కట్టినమని, అన్ని చెప్త."

"నీకు దండం పెడుతనే కొమురీ, గా పని చెయ్యకు" అన్నడు. "అన్నం తిన్నంక రాజమౌళి మామ కట్టడి చేసిండు. ఈ ముచ్చట మళ్ళ ఎవ్వలెత్తినా కులానికి పైసల్ దండుగ కట్టాలె అన్నడు. అందరు సరే అన్నరు. గందుకే ఎవ్వలు నోరు తెరుస్తలేరు. నువ్వొచ్చి తెరుస్తవా?"

"నా ముచ్చట నేను ఎత్తితె గూడ దండుగనా?"

"ఎవ్వలైనా గంతే. నువ్వైనా గంతే. ఒడిసిపోయినదాన్ని ఎందుకు కెలుకుతవ్? ఇంటికి రా. ఇంత వండుకొని తిందం."

ఆయన గొంతుల ఎంత ప్రేమ ఉన్నదో నాకు ఇనపడ్డది. గదే చంపుతున్నది నన్ను. తిట్టినా బాగుండు.

ఫిబ్రవరి 21

రేపు పంపిస్తరు. కంటి ఫోటో తీసుకున్నరు. పదేండ్ల చాకిరి మొత్తం ఒక సంచిల పట్టింది. ఈ నోట్‌బుక్కును బయటికి తేనిస్తరో లేదో, తేనియ్యకున్నా మంచిదే, నా నోరు నా దగ్గర ఉన్నది.

రాత్రి నిద్రలేదు. పొద్దున తేల్చుకున్న. ఊర్లె దిగంగనే ఇంటికి కాదు, రాజమౌళి మామ ఇంటికి పోత. ఆయన వాకిట్ల నిలవడి, ఇనేటోళ్ళు ఇనని, నేను తియ్యలే అంట. పర్శరాములు తల దించుకుంటడు. సంజన ఏడుస్తది. నమ్మకున్నా మంచిదే.

మామ దండుగ అంటడు. అననీ. ఆ కట్టడి కింద మొట్టమొదలు దండుగ కట్టేది నేనే.